కిషన్‌బాగ్‌లో ఢోలక్ గదికి మరమ్మతు

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లు ఉందనగా, ఏప్రిల్ నెల చివర్లో, నన్ను పాతబస్తీ దక్షిణ భాగంలోని శిథిల భవనాల విభాగానికి బదిలీ చేశారు. హోదా డిప్యూటీ ఇంజనీరు. కింద ఒక వర్క్ ఇన్‌స్పెక్టరు, పైన సంతకం పెట్టే అధికారి, మధ్యలో ఇద్దరి తరఫునా తిట్లు తినడానికి నేను. ఆ విభాగానికి ఎవరూ కోరుకుని రారు. ఏడాదంతా మేమున్నామని ఎవరికీ గుర్తుండదు. వానలు పడి ఎక్కడో ఒక గోడ కూలిన రోజు మాత్రం టీవీల వాళ్లకు, నాయకులకు, అందరికీ మేమే కావాలి.

మా పని ఏమిటో చెప్తాను. వానాకాలానికి ముందు పాత ఇళ్లన్నీ తిరిగి చూసి మూడు రకాలుగా విడగొట్టాలి. మనుషులు ఉండగానే బాగు చేసుకోదగ్గవి మొదటి రకం. ఖాళీ చేయించి బాగు చేయాల్సినవి రెండో రకం. కూల్చివేయాల్సినవి మూడోవి. చెప్పడానికి ఇది తేలిక. అసలు చిక్కంతా రెండో రకంతోనే వస్తుంది. ఒకసారి ఖాళీ చేయించి తలుపుకు లక్క ముద్ర వేశామంటే, చాలా ఇళ్లు మళ్లీ తెరుచుకోవు. అన్నదమ్ములు కోర్టుకు పోతారు, లేదా డబ్బు సరిపోదు, లేదా ఈలోగా ఎవరో బిల్డరు తలుపు తడతాడు. అందుకే మా ఆఫీసులో చాలామంది రెండో రకం రాయడం మానేసి నేరుగా కూల్చివేతకే రాసేవాళ్లు. నాకది నచ్చేది కాదు. నచ్చదని మొహం మీదే చెప్పేదాన్ని కాబట్టి నేనంటే వాళ్లకూ అంతగా నచ్చేది కాదు.

నాకు అప్పగించిన మొదటి ఫైళ్లలో కిషన్‌బాగ్‌లోని ఒక ఇల్లు ఉంది. ఇంటి వెనక పెరట్లో ఒకప్పుడు బియ్యం నిల్వ చేసిన పెద్ద గది. దాని గురించి నాకు ముందు పనిచేసిన వాళ్లందరూ ఏటా ఒకే మాట రాశారు: బయటి నుంచి చూశాము, లోపల స్త్రీలు ఉన్నందున వెళ్లలేదు. మగ ఇంజనీర్లు కాబట్టి గుమ్మం దాకా వెళ్లి, టీ తాగి, తిరిగొచ్చేవారన్నమాట. ఈసారి ఫిర్యాదు వచ్చింది. ఇంటి యజమానురాలి మరిదే, ఆ గది గోడలు పగులుతున్నాయి, కూలితే నా ఇంటి మీద పడుతుంది, కూల్చేయండి అని రాసిచ్చాడు. మా అధికారి ఫైలు నా ముందు పెట్టి, మీరైతే లోపలికి వెళ్లగలరు, చూసి మూడో రకం రాసి తెండి అన్నారు. చూడకముందే ఏం రాయాలో చెప్పే అధికారులంటే నాకు మొదటి నుంచీ ఒళ్లు మంట. చూశాక రాస్తానని చెప్పి లేచి వచ్చాను.

నేను వెళ్లింది ఒక గురువారం మధ్యాహ్నం. మా వర్క్ ఇన్‌స్పెక్టరు నర్సింగ్‌ను వీధి గుమ్మం దగ్గరే ఒక కుర్చీ వేసి కూర్చోబెట్టారు. నన్ను లోపలికి తీసుకెళ్లింది హాజిరా బేగం. అరవై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉంటుంది. ఫిర్యాదు చేసిన మరిదికి ఈమె వదిన. పెరటి గది తలుపు తీయగానే లోపలి నుంచి పాట, చప్పట్లు, నవ్వులు ఒక్కసారి మీదపడ్డాయి. బయట పెరట్లో నిలబడ్డప్పుడు వాటిలో ఒక్క ముక్క కూడా నాకు వినిపించలేదు. ఇంజనీరుకు ఆ సంగతి అప్పుడే అనుమానం కలిగించాలి. కలిగించింది కూడా.

లోపల నేల మీద జంపఖానాలు పరిచి ఆడవాళ్లు రెండు వరసల్లో ఎదురెదురుగా కూర్చున్నారు. పాతబస్తీ పెళ్లిళ్లలో పసుపు నాడు, మెహందీ నాడు ఢోలక్ ముందు పెట్టుకుని పాడే పాటలు అవి. ఒక వరస పెళ్లికూతురి వైపు, ఇంకో వరస పెళ్లికొడుకు వైపు. ఇటు నుంచి వియ్యపురాలిని ఎత్తిపొడుస్తూ ఒక చరణం పోతే, అటు నుంచి అంతకు రెండింతలు ఘాటుగా జవాబు రావాలి. జవాబు అందకపోతే ఆ వైపు ఓడినట్టే. ఒక్కరే పాడుకునే పాటలు కావవి. ప్రతి గురువారం ఈ గదిలో చేరి పాతవి మరచిపోకుండా పాడుకుంటారు, కొత్తవి కట్టుకుంటారు. పెళ్లివాళ్లు వచ్చి విని, ఎవరిని పిలుచుకోవాలో ఇక్కడే మాట్లాడుకుంటారు. హాజిరా బేగం అత్తగారు మొదలుపెట్టిన పద్ధతి ఇది.

ఢోలక్ పట్టుకున్న ఆమె పేరు యాదమ్మ. ఛత్రినాకలో ఉంటుంది, ప్రభుత్వాసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైంది. చిన్నప్పుడు పక్కింటి ముస్లింల పెళ్లిలో సరదాకు ఢోలక్ పట్టి, ఇక వదల్లేదట. నన్ను చూడగానే ఆపకుండా వాయిస్తూనే నా మీద పాట కట్టింది.

"గోడ జూడ వచ్చినాదె గోరమైన ఇయ్యపురాలు, సుత్తి తోటి కొట్టి జూసె సుట్టమైన ఇయ్యపురాలు."

గది గదంతా నవ్వింది. నాకు సంగీతం తెలియదు. మా ఇంట్లో రేడియో పెట్టేది వార్తల కోసమే. అయినా నాకూ నవ్వాగలేదు. ఆ తర్వాత ఉర్దూలో అవతలి వరస ఇచ్చిన జవాబులో పక్కింటావిడ పేరు, ఆమె కోడలి పేరు, ఆ కోడలి పుట్టింటి పిసినారితనం అన్నీ ఉన్నాయి. ఇంత మాట బయట అంటే వీధిలో లొల్లి అవుతుంది. లోపల అంటే పాట అవుతుంది.

తర్వాత నా పని మొదలుపెట్టాను. ఆ గది గోడలు ఇటుక, డంగు సున్నంతో కట్టినవి. పైకప్పుకు గోడ నుంచి గోడకు టేకు దూలాలు, వాటి మీద దంతెలు అనే సన్నని కర్రలు, ఆపైన నిలువు ఇటుక, సున్నపు గచ్చు. ఇలాంటి కట్టడాలకు సరిగా గాలి తగిలితే మన మనవల కాలం దాకా ఢోకా ఉండదు. కానీ ఇక్కడ గోడలు కనిపించడం లేదు. నడుం ఎత్తు నుంచి దూలాల దాకా రజాయిలు, అంటే దూది బొంతలు, మేకులతో బిగించి ఉన్నాయి. ఒక దాని మీద ఒకటి, కొన్నిచోట్ల నాలుగైదు పొరలు. పైకప్పు కింద గాలి కోసం వదిలిన చిన్న కిటికీల్లో, అంటే రోషన్‌దాన్లలో, కూడా రజాయిలు కుక్కేశారు. నడుం కింద సిమెంటు పూత.

ఒక మూల రజాయి ఎత్తి చూశాను. వాసనకు తల తిప్పుకోవాల్సి వచ్చింది. సున్నం పూత చేత్తో రాస్తే పిండిలా రాలింది. బల్ల మీద నిలబడి దూలం కొసను, అంటే గోడలోకి దూరిన చోటును, స్క్రూడ్రైవరుతో పొడిచాను. వెన్నలో దిగినట్టు పిడి దాకా దిగింది.

సంగతి ఏమిటంటే, సున్నపు గోడ నేలలోని తేమను కొంత పీల్చుకుంటుంది, పీల్చుకున్నదాన్ని గాలికి వదిలేస్తుంది. అది దాని గుణం. కింద సిమెంటు పూస్తే తేమ పైకి ఎక్కుతుంది. పైన రజాయిలు కప్పితే బయటికి పోయే దారి ఉండదు. గది నిండా మనుషులు కూర్చుని పాడితే ఆ ఊపిరి తేమ కూడా దానికి తోడవుతుంది. చివరికి అదంతా దూలాల కొసల్లో చేరి కుళ్లబెడుతుంది. పగుళ్లు చిన్నవే. ప్రమాదం దూలాల కొసల్లో ఉంది. ఆ దూలాల కింద అంతమంది ఆడవాళ్లు నవ్వుతూ కూర్చున్నారు. నాకు భయం వేసింది, వెంటనే కోపం కూడా వచ్చింది. ఎవరు కొట్టారమ్మా ఈ రజాయిలు అని గట్టిగానే అడిగాను.

హాజిరా బేగం నొచ్చుకోలేదు. "మేమే గొట్టినం మేడం. ఈడ ఏమేమి పాడ్తమో మీరు ఇన్నరు గదా. అది గల్లీల ఇనబడితే రేపటి నుంచి ఒక్క ఆడమనిషిని గుడ రానియ్యరు. మా అత్త అన్నది, గొంతు గోడ దాటొద్దు, లోపట ఎంతైనా పాడుకోండ్రి అని. గందుకే కొత్తగ వచ్చిన ప్రతి మనిషి తన పెండ్లి రజాయి ఒకటి తెచ్చి గోడకు గొట్టాలె. గది ఈడి రివాజు."

ఆ రజాయిలన్నీ ఎవరెవరివో ఆమె వేలు పెట్టి చూపించింది. ఇది ఫలానా ఆమెది, ఇప్పుడు లేదు. అది యాదమ్మది, ఆమెకు పెళ్లిలో రజాయి పెట్టలేదు కాబట్టి కొని తెచ్చింది. ఎవరూ చెడు చేయాలని చేయలేదు. గదిని కాపాడుకోవడానికి ప్రతి ఒక్కరూ ఒక పొర తెచ్చి కప్పారు, ఆ పొరలే గదిని తినేశాయి. నా సర్వీసులో ఎన్నో రకాల తప్పుడు మరమ్మతులు చూశాను గానీ ఇంత మర్యాదగా చేసింది ఇంకోటి చూడలేదు.

ఆ రోజే వాళ్లను లేపి బయటికి పంపాను. ఢోలక్‌ను యాదమ్మే చంకన పెట్టుకుని వెళ్లింది. పోతూ పోతూ గుమ్మంలో ఆగి, "ఓ ఇంజనీరమ్మా, వచ్చే బేస్తారం నాటికి అయితదా?" అని అడిగింది. బేస్తారమంటే గురువారం. కాదు, చాలా కాలం పడుతుందని చెప్పాను. ఆమె నమ్మినట్టు లేదు.

ఆఫీసులో నేను రెండో రకం రాశాను: ఖాళీ చేయించి బాగు చేయవలెను. మా అధికారి ఒప్పుకోలేదు. రేపు అది కూలితే నేను జవాబు చెప్పాలి, మీరు కాదు అన్నారు. ఆయన భయంలోనూ అర్థం లేకపోలేదు. కిందటి వానల్లో వేరే చోట గోడ పడి ఆయన విచారణ ఎదుర్కొన్నారు. నేను దూలాల లెక్క వేసి చూపించాను. కొసలే కుళ్లాయి, నడుములు గట్టిగానే ఉన్నాయి. కుళ్లినంత మేర కోసేసి, రెండు పక్కలా ఉక్కు పలకలు పెట్టి బోల్టులు బిగిస్తే అవే దూలాలు మళ్లీ బరువు మోస్తాయి. గోడలకు సిమెంటు ఊడదీసి, ఆరనిచ్చి, సున్నమే పూయాలి. చాలాసేపు వాదించాక, పైకప్పును జాకీల మీద, అంటే ఉక్కు ఊతల మీద, నిలబెట్టి లక్క ముద్ర వేసే షరతు మీద ఆయన సంతకం పెట్టారు. అప్పుడు నాకు గెలిచినట్టే అనిపించింది.

హాజిరా బేగానికి ఆ గదితో ఉన్న ముడి ఏమిటో నాకు అప్పుడే పూర్తిగా తెలిసింది. కాగితాల్లో పెరడంతా ఇద్దరు అన్నదమ్ములదీ ఉమ్మడి. ఆమె భర్త పోయాడు. గదిలో గురువారాలు నడుస్తున్నన్నాళ్లు దాని జోలికి రానని మరిది తన తల్లి ముందు మాటిచ్చాడు. అవి ఆగిపోయినా, ప్రభుత్వమే గది కూల్చమన్నా అక్కడ దుకాణాలు కట్టుకుంటాడు. అతనేమీ దుర్మార్గుడు కాదు. ముగ్గురు కొడుకులున్నవాడు, ముగ్గురికీ తలా ఒక దుకాణం చూపించాలని ఆశ. కానీ ఆమెకు ఆ గది తప్ప వేరే లోకం లేదు. ముద్ర వేసే రోజున ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "మేడం, సగం సగం చేయరాదా? ఒక దిక్కు మీరు చేస్కోండ్రి, ఒక దిక్కు మేము కూసుంటం."

కుదరదని చెప్పాను. దూలాలు గదికి అడ్డంగా ఒక గోడ నుంచి ఇంకో గోడకు పోతాయి. సగం గది అనేది వాటికి లేదు. ఒక కొస విప్పినప్పుడు అవతలి కొస కింద మనిషి ఉండకూడదు. ఇది నియమం కాబట్టి చెప్పిన మాట కాదు, నిజం. ఇప్పుడు ఎవరైనా అడిగినా అదే చెప్తాను.

వానలకు ముందే లోపల వరసగా ఉక్కు జాకీలు నిలబెట్టాం. దూలాల బరువు జాకీల మీదికి వచ్చింది. పైన టార్పాలిన్ కప్పాం. రజాయిలు తీసేటప్పుడు ఆడవాళ్లు చూస్తామని వచ్చారు. మేకులు ఊడగొడుతుంటే పైపొరలు మామూలుగానే ఉన్నాయి గానీ అడుగు పొరలు నల్లబడి, ముద్దముద్దగా ఊడి పడ్డాయి. వాటిలో పెద్దామె, అంటే హాజిరా బేగం అత్తగారు, మొదటగా కొట్టినది ఏదో గుర్తుపట్టలేకపోయారు. చెత్త బండి వచ్చి అన్నీ తీసుకెళ్లింది. యాదమ్మ మాత్రం, "ఒక్కటి గుడ పనికి రాదాయె, కొనుక్కొచ్చిన నాదే ముందుగాల కుళ్లింది" అని నవ్వబోయింది.

రోషన్‌దాన్లకు నేనే ఒక ఏర్పాటు గీసిచ్చాను. మందపాటి చెక్క తలుపులు, లోపలి వైపు గుడ్డ పొదిగి, కింది నుంచి తాడు లాగితే మూసుకునేలా. పాడుతున్నప్పుడు మూసుకోవాలి, ఆపగానే తెరవాలి. గోడకు గుడ్డ తగలకుండా బెత్తెడు దూరంలో పరదాలు వేలాడదీసుకోవచ్చు, రాత్రికి తీసేయాలి. ఇలా చేస్తే గొంతు గల్లీలోకి పోదు, గోడ కుళ్లదు. ఆ సంగతి చెప్పినప్పుడు హాజిరా బేగం నా రెండు చేతులూ పట్టుకుంది. సమస్య తేలిపోయిందనే నేనూ అనుకున్నాను.

ఇక సున్నం. సిమెంటు పూత పూసినవాడు మరునాడు చూసుకుని మురిసిపోవచ్చు. సున్నానికి ఆ తొందర పనికిరాదు. ముందు గోడ ఆరాలి. వానల్లో గోడ ఆరదు. వానలు వెళ్లాక సిమెంటు ఊడదీసిన గోడను చలిగాలికి వదిలేశాం. పగుళ్లు ఇంకా కదులుతున్నాయేమో తెలియడానికి వాటికి అడ్డంగా గాజు పట్టీలు అతికించాం, ఆరిందో లేదో చూడటానికి గోడలో తేమ కొలిచి, మళ్లీ కొలిచి చూశాం. ఆ తర్వాత పొర మీద పొరగా సున్నం. ఒక పొర గట్టిపడకుండా ఇంకో పొర వేయకూడదు. మరిది మధ్యలో రెండు మూడుసార్లు మా ఆఫీసుకు వచ్చి, ఇంకా ఎన్నాళ్లని అడిగి పోయాడు. మా అధికారి కూడా సిమెంటు కొట్టి పడేయండి మేడం, ముద్ర తీసేద్దాం అన్నారు. నేను కదల్లేదు. సిమెంటు కొడితే మళ్లీ అదే జబ్బు. ఖర్చు సంగతి ఆ ఆడవాళ్లే చూసుకున్నారు. ఎలా సమకూర్చారో నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

పని బాగా జరిగింది. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. మరుసటి వేసవి మొదట్లో జాకీలు ఒక్కొక్కటిగా దించాం. జాకీ దించేటప్పుడు దూలం ఎంత కుంగుతుందో దాని కింద గుర్తు పెట్టుకుని చూస్తారు. కొద్దిగా కుంగడం మామూలే. మా దూలాలు కుంగాల్సినంత కూడా కుంగలేదు. నర్సింగ్ ఆనందం పట్టలేక దూలాన్ని చేత్తో తట్టాడు. ముద్ర తీశాం. హాజిరా బేగం కొత్త జంపఖానాలు పరిచింది.

ఫైలు మూయడానికి ముందు ఇంకో పరిశీలన చేయాలి. భవనం మామూలు వాడకంలోకి వచ్చాక, దానిలో మనుషులు ఉన్నప్పుడు ఒకసారి చూసి, యోగ్యతా పత్రం ఇవ్వాలి. దాన్ని నేను కావాలనే గురువారం పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే, యాదమ్మ ఈసారి నా మీద ఏం పాట కడుతుందో వినాలని కూడా ఉంది.

గది చల్లగా, శుభ్రంగా ఉంది. తాళ్లు లాగి చూశాను, రోషన్‌దాన్ తలుపులు చక్కగా మూసుకున్నాయి. గోడలో ఎక్కడా తేమ లేదు. గదిలో హాజిరా బేగం, యాదమ్మ, ఇంకో ఇద్దరు ముసలివాళ్లు ఉన్నారు. ముందుగా వచ్చానేమో అనుకుని కూర్చున్నాను. టీ వచ్చింది. ఇంకెవరూ రాలేదు. మిగతావాళ్లు ఏరని అడిగాను.

యాదమ్మ ఢోలక్ తాళ్లు బిగించుకుంటూ చెప్పింది. "రారు మేడం. ఇన్నొద్దులు పోతుంటే ఇంట్ల ఒక్కలు గుడ అడగలే. బేస్తారం అంటే పోతది అని ఎర్కనే ఉండె. ఇప్పుడు మల్ల పోతా అంటున్నరు గదా, ఎందుకు అని అడుగుతున్నరు."

హాజిరా బేగం ఒక్కొక్కరి సంగతీ చెప్పింది. ఒకామె కొడుకు, ఏడాది పోలేదు గదా అమ్మీ, ఏం తక్కువైంది అన్నాడు. ఏమని చెప్పాలో ఆమెకు తెలియలేదు. ఒకామెకు ఈమధ్యే పెద్దింటి సంబంధం కుదిరింది, వియ్యాలవారు ఏమనుకుంటారో అని ఇంట్లో నసుగుతున్నారు. ఒకామె మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటున్నదని మనవలను ఆమె మీద వదిలేశారు, ఇప్పుడు ఆ మధ్యాహ్నాలు ఆమెవి కావు. ఉప్పుగూడ నుంచి వచ్చే ఆమె భర్తకైతే తన భార్య పాడుతుందన్న సంగతే తెలియదు. ఆమె అలా వెళ్లి రావడం అలవాటైపోయి ఆయన ఎన్నడూ అడగలేదు. ఆగి, మళ్లీ బయలుదేరితే అడిగాడు. చెప్పింది. ఇక ఆమె రాలేదు.

"ఎవ్వరు లడాయి పెట్టుకోలేదు మేడం," అంది హాజిరా బేగం. "ఎవ్వరు బంద్ జెయ్యమనలే. ఇజాజత్ అడగాల్సి వచ్చింది, పోనా అని. గంతే. మా అత్త అరవై ఏండ్ల కింద ఎట్ల అడిగి తెచ్చుకున్నదో, ఎవరి కాళ్లు పట్టుకున్నదో మాకు తెల్వది. మేమెన్నడు అడగలే. మాకు అడగ రాదు."

పెళ్లివాళ్లు కూడా రావడం మానేశారట. గురువారం గది మూసి ఉందని తెలిసి కొందరు డీజేకు పోయారు. డీజే వాడికి ఫోను చేస్తే చాలు, వచ్చి వింటామని కూడా అనక్కర్లేదు.

వాళ్లు పాట మొదలుపెట్టారు. నలుగురే కాబట్టి ఇద్దరు ఇటు, ఇద్దరు అటు కూర్చున్నారు. అవతలి ఇద్దరిలో ఒకామెకు మాటలు గుర్తులేవు, రెండో ఆమెకు ఊపిరి చాలలేదు. హాజిరా బేగం ఎత్తిపొడుపు పాడి ఆగింది. జవాబు రాలేదు. జవాబు కూడా తనే పాడింది. యాదమ్మ వాయించడం ఆపి నా వైపు చూసి, "మేడం, మీరు గా దిక్కు కూసోండ్రి, మేము చెప్పిందే మల్ల అనండ్రి, సాలు" అంది. నాకు రాదన్నాను. నిజంగానే రాదు. యోగ్యతా పత్రం మీద సంతకం పెట్టి ఇచ్చి వచ్చేశాను. ఆ రోజంతా నాకు ఏ పనీ చేయబుద్ధి కాలేదు.

ఛత్రినాకలో యాదమ్మ వాళ్ల బస్తీకి ఒక కమ్యూనిటీ హాలుంది. మధ్యాహ్నాలు తాళం వేసే ఉంటుంది. ఈ సంగతి ఆమె నాకు ఆ తర్వాతెప్పుడో మాటల్లో చెప్పింది. పని జరిగినన్నాళ్లు గురువారాలు అక్కడ కూర్చునే వీలుండేది. పాడకపోయినా, ఊరికే టీ తాగి లేచినా సరిపోయేది. ఎవరికీ తట్టలేదు. వాళ్లకు నేను ప్రతిసారీ ఇంకొంచెం కాలమే అని చెప్తూ వచ్చాను, వాళ్లు ఆ ఇంకొంచెం కోసం ఇంట్లో కూర్చున్నారు.

మా ఆఫీసులో ఆ గది ఫైలును మంచి పనికి నమూనాగా పెట్టారు. కొత్తగా చేరిన ఇంజనీర్లను తీసుకెళ్లి దూలాలకు బిగించిన ఉక్కు పలకలు చూపిస్తారు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. మరమ్మతు అయ్యాక, మాట ఇచ్చినట్టే మరిది ఇంకా దాని జోలికి రాలేదు. గురువారాలు నడుస్తున్నాయని హాజిరా బేగం చెప్తుంది, ఎంతమందితో అని అతను అడగడు. ఈ మధ్య అతని పెద్ద కొడుకు మాత్రం గదిని టేపు పెట్టి కొలుచుకుని వెళ్లాడని విన్నాను.

మిగిలిన రెండేళ్ల సర్వీసులో నేను ఖాళీ చేయించమని రాసిన ప్రతి నివేదిక చివరా ఒక వాక్యం చేర్చాను: పని పూర్తయ్యేవరకు ఇక్కడి వాడకం ఫలానా చోట, ఫలానా రోజున కొనసాగవలెను. ఇది ఇంజనీరింగు కాదని మా అధికారి ప్రతిసారీ ఆ వాక్యం కొట్టేశారు. ప్రతిసారీ మళ్లీ రాశాను. మూసిన తలుపు తెరవడానికి మా దగ్గర ఒక పద్ధతి ఉంది, దానికి ఒక సంతకం చాలు. మానేసిన రాకపోకలను తెరవడానికి ఏ అధికారి సంతకమూ పనిచేయదు. నేను జాకీలు దూలాలకే పెట్టాను. ఆ గదిలో ముందు పడిపోయేది గురువారమని నాకు ఎవరూ చెప్పలేదు, వాళ్లకూ తెలియదు.